సోమవారం పెట్రోలు వాసన

భర్త మీద లిదియమ్మకున్న ఫిర్యాదులన్నీ వరసగా రాస్తే మిషను బడిలో ఉన్న కాగితాలన్నీ చాలవు. వాటన్నిటికంటే ముందు రాయవలసింది మాత్రం ఆయన ముక్కు గురించి. ఇరవై రెండేళ్ల నశ్యం పుణ్యమా అని దేవదానం గారి ముక్కు కళ్లజోడు నిలబెట్టుకోవడానికి తప్ప మరెందుకూ పనికిరాకుండా పోయింది. పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మినా, పడక కుర్చీలోంచి లేవకుండా "ఇయ్యాల కొత్తగేదో వండుతున్నవా?" అని ఆశగా అడుగుతాడు. ఆయన పంతులుగా ఉన్న ఆ బడిలో పిల్లలకు పంచేంద్రియాల పాఠం వచ్చినప్పుడు ఈయన నాలుగు చెప్పి గంట కొట్టిస్తాడేమోనని ఆమెకు గట్టి అనుమానం.

మొన్న శుక్రవారం కూడా అంతే చేశాడు. హన్మకొండ బట్టల వ్యాపారి రాజేశం సేటు కారులో ముందు సీటు మీద హాయిగా కూర్చుని, "వాసనా? ఏ వాసన? అంతా ఆడవాళ్ల అనుమానం" అని తీర్పు చెప్పేశాడు. అప్పటికే సేటు భార్య కళావతమ్మ ఆ వాసనకు రెండుసార్లు వాంతి చేసుకుని, ఇంక ఆ బండి ఎక్కనని ఒట్టు పెట్టుకుని ఉంది.

నవ్వుకోవలసిన సంగతే. కానీ ఈ మంగళవారం పొద్దున లిదియమ్మకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ రోజు ముక్కున్నది తనకు. మాట జారింది కూడా తనే.

సుబేదారిలోనూ హన్మకొండలోనూ ఎవరింట్లో ఏ వస్తువు పోయినా ముందు లిదియమ్మకు కబురు వచ్చేది. మద్రాసులో కాలేజీ చదువు చదివిన మనిషి. పోయిన ఉంగరాన్ని పిండి డబ్బాలోంచీ, పోయిన అల్లుణ్ణి కాజీపేట స్టేషన్‌లోంచీ తీసి ఇచ్చిన మనిషి. యుద్ధం వచ్చి పెట్రోలు కూపన్ల పాలయ్యాక సేటు కారులో వారం వారం పెట్రోలు తగ్గిపోవడం, దానికి తోడు లోపలంతా వాసన కొట్టడం మొదలైతే, సేటు ఠాణాకూ కబురు చేశాడు, లిదియమ్మకూ చేశాడు. శుక్రవారం పోలీసు అమీన్ కిషన్ రావు సమక్షంలోనే ఆమె కారు లోపలికి వంగి చూసింది. అది పాత అమెరికా బండి. దాని పెట్రోలు ట్యాంకీ ముందు అద్దం కింద, కూర్చున్నవాళ్ల మోకాళ్లకు ఎదురుగానే ఉంటుంది. ట్యాంకీ అడుగున చిన్న ఇత్తడి కుళాయి. కుళాయి నుంచి ఇంజనుకు పోయే గొట్టాన్ని పట్టి ఉంచే నట్టు. ఆ నట్టు చుట్టూ తెల్లటి సబ్బు ముద్ద అంటించి ఉంది.

లిదియమ్మ డ్రైవర్ ఏలియా చేతులు పట్టుకుని వాసన చూసింది. సబ్బు. పెట్రోలు. రెండూ ఉన్నాయి.

"ఈ నట్టు విప్పినవాడే మల్ల సబ్బు పెట్టి మూసిండు" అంది.

అంతే. ఒక్క వాక్యం. అమీన్‌కు రెండోది అక్కర్లేకపోయింది.

ఇప్పుడు ఏలియా భార్య రూతు వాకిట్లో నిలబడి ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మంచినీళ్లిస్తే పుచ్చుకోలేదు.

"నేను కూసోనమ్మా. ఒక్క మాట చెప్పి పోత. సేటింట్ల అంట్లు తోమే రాజక్క చెప్పింది. నిన్న పొద్దుగాల కారుల మల్ల వాసన అచ్చిందట. కళావతమ్మ అక్క కూతురు పెండ్లని ఎక్కి, ఎక్కినట్టే దిగిందట."

"నిన్ననా? సోమవారమా?"

"సోమారమే. మా ఆయన శుక్కురారం సంది ఠాణల ఉన్నడు గద. మరి ఈ మాటు ఎవలు తీసిండ్రు?" రూతు గొంతు వణకలేదు. దానికే లిదియమ్మకు ఎక్కువ భయం వేసింది. "రేపు పది గంటలకు కోర్టుకు చాలాన్ చేస్తరట. యుద్ధం కానూను కింద కేసట, ఏడాదికి తక్కువుండదట. మీరు ఒక్క మాటంటే లోపలికి పోయిండు. ఇంకో మాటంటే బయటికి అస్తడేమోనని అచ్చిన. మీతోని అయితదా కాదా, అదొక్కటి చెప్పుండ్రి."

లిదియమ్మ చెప్పులు వేసుకుంది. గుమ్మం దాటబోతూ మళ్లీ లోపలికి వచ్చి, దేవదానం గారి కోటు జేబులోంచి రెండు సుద్ద ముక్కలు తీసుకుని కొంగున కట్టుకుంది.

"ఏమైతది? బళ్లె నాకు సుద్ద తక్కువైతది" అన్నాడు ఆయన, నశ్యం డబ్బా మూత తీస్తూ.

"నాలుగు ఇంద్రియాల పాఠానికి ఒక ముక్క చాలు" అని వెళ్లిపోయింది.

*

ఠాణాలో అమీన్ కిషన్ రావు చాయ్ తాగుతున్నాడు. లిదియమ్మను చూసి లేచి నిలబడ్డాడు. ఆ మర్యాదలో వెక్కిరింపు ఎంతో కొలిచి పోసినట్టు ఉంటుంది.

"రండి రండి. దొంగను పట్టిచ్చినోళ్లకు ఇనాము ఏమన్న ఇయ్యాల్నా అని సర్కారుకు రాద్దామనుకుంటాన."

"జర ఏలియాతోని మాట్లాడాలె."

"మాట్లాడుండ్రి. మీ దొంగే గద."

ఏలియా కటకటాల వెనక నేల మీద కూర్చుని ఉన్నాడు. పదకొండేళ్లుగా చర్చిలో ఎదురైనప్పుడల్లా "అక్కా, బాగున్నవా?" అని పలకరించే మనిషి. ఆమెను చూసి లేచాడు. చేతులు కట్టుకున్నాడు.

"అమ్మగారూ" అన్నాడు.

ఆ పిలుపు లిదియమ్మకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఏమీ కానట్టు అడగడం మొదలుపెట్టింది.

"వాసన మొదటిసారి ఎప్పుడొచ్చింది?"

"ఈస్టరు అయినంక రెండో సోమారం."

"తర్వాత?"

"ప్రతి సోమారం. ఆదివారం మాపటి దాక బండి మంచిగనే ఉంటది. సోమారం పొద్దుగాల ఇంజను వేడెక్కంగనే మొదలైతది. మంగళారం నేను కిందికి దూరి చూస్త. నట్టు కాడ చెమట పట్టినట్టు తడి. తుడిచి, బిగించి, సబ్బు పెడుత. ఇంక శనారం దాక చుక్క కారది, కింది పట్టాకు పట్టిన వాసనొక్కటి ఉంటది."

"సబ్బే ఎందుకు?"

ఏలియా ఆమెను వింతగా చూశాడు. "పెట్రోలును ఆపేది సబ్బొక్కటే గద. బండి పని చేసేటోళ్లు ఎవలైన గదే పెడుతరు. రోడ్డు మీద ట్యాంకీ కారితే ఇంకేం చేస్తం?"

"మరి సోమవారం నాటికి ఆ సబ్బు ఎట్ల ఊడుతాంది?"

"అదే నాకు సమజ్ కాలే."

"సేటుకు ఎందుకు చెప్పలేదు? దాచిపెట్టినట్టే గద?"

"ఇంకొక్కసారి రిపేరు పేరు ఎత్తితే బండి అమ్మేస్త అన్నడు. అమ్మినంక డ్రైవరెందుకు? నాకు అచ్చింది బండి తోలుడొక్కటే. ముగ్గురు పిల్లలు." అరచేతులు చూసుకున్నాడు. "అందుకని సప్పుడు చెయ్యకుంట నేనే మూసిన."

"ఈ మాట మొన్న నాతో ఎందుకు అనలేదు?"

"మీరు అడుగలే."

లిదియమ్మ కటకటాల ఇనుప కడ్డీని చూస్తూ నిలబడింది.

"చేతులు వాసన చూసిండ్రు" అన్నాడు ఏలియా మెల్లగా. "అందరి ముంగట కుక్క లెక్క వాసన చూసిండ్రు. నోరు తెరిచి ఒక్క మాట అడుగలే. అమీన్ సాబు కొట్టిండు, దాని ఫికర్ లేదు. ఆయన ఎవలనైన కొడుతడు."

*

"నేను కూడ అస్త" అన్నాడు అమీన్. "రేపు చాలాన్ పెట్టుకొని ఇయ్యాల మీరు బండిని కడిగి పెడితే నా కేసు ఏం కావాలె?"

సేటు ఇంటి వెనక రేకుల షెడ్డులో కారు ఉంది. ఎడమ వైపు కొత్తగా గీసుకుపోయిన గీత. ఆదివారం డ్రైవర్ లేక రాజేశం సేటు తనే తోలుకుని వెళ్లాడట. ఇంటి గేటును పాపం గేటనుకోలేదు.

"ఆదివారం ఎక్కడికి పోయిండ్రు?" లిదియమ్మ అడిగింది.

"ఇంకెక్కడికి? మీ చర్చి పక్కన మా అన్న ఇంటికి" అన్నాడు సేటు, షెడ్డు గుమ్మంలో నిలబడి. "ప్రతి ఆదివారం పోయేదే గద. ఎనిమిది నుంచి పది దాక. బండి ఎప్పటి లెక్కనే మీ చర్చి గోడ నీడకు పెట్టిన. ఏలియా ఉన్నప్పుడు ఆడనే ఆపి లోపలికి ప్రార్థనకు పోతుండె. ఎండల పెడితే సీటు కాలుతది."

"అక్కడ తప్ప ఇంకెక్కడన్న ఆపిండ్రా?"

"లేదు. ఆడికెళ్లి ఇంటికి. ఇంట్ల షెడ్డుకు తాళం. తాళం చెవి నా మొల్తాడుకు."

లిదియమ్మ కారు తలుపు తీసింది. గుప్పున కొట్టింది వాసన. తల తిరిగే వాసన. అమీన్ రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె తొందరపడలేదు. తొందరపాటు ఫలం శుక్రవారం నుంచి కటకటాల వెనక కూర్చుని ఉంది. కొంగు ముడి విప్పి సుద్ద ముక్కలను నలిపి పొడి చేసింది. ముందు ట్యాంకీ మీది మూత అంచున చల్లింది. తర్వాత పెట్రోలు ఎంతుందో చూపించే గాజు బిళ్ల చుట్టూ. ఆఖర్న సీటు ముందు మోకాళ్ల మీద కూర్చుని, కుళాయి మీదా నట్టు మీదా చల్లింది.

"ముగ్గులు పెడుతాండ్రా?" అన్నాడు అమీన్.

"కారే చోట సుద్ద తడిసి రంగు మారుతది. మిగిలిన చోట తెల్లగ ఉంటది. ముక్కు అబద్ధం చెప్పినా సుద్ద చెప్పది. ఒక అయిదు నిమిషాలు గడియారం చూడుండ్రి."

అయిదు నిమిషాలు. మూత దగ్గర తెలుపు. గాజు బిళ్ల దగ్గర తెలుపు. నట్టు కింద మాత్రం సుద్ద ముదురు బూడిద రంగుకు తిరిగి, ఒక చుక్క జారి కొబ్బరి పీచు పట్టా మీద పడింది. పట్టా ఎన్ని వారాలుగా తాగుతున్నదో, చేత్తో పిసికితే తడి తెలుస్తోంది.

"నట్టే" అంది.

"నేను మొదటి నుంచి అదే అంటాన. ఏలియా విప్పి విప్పి వదులు చేసిండు. వాడు లోపలున్నా కారుతనే ఉంటది. వాసన మల్ల అచ్చింది కాబట్టి వాడు మంచోడు అంటే ఎట్లమ్మా?"

వాదన బాగానే ఉంది. లిదియమ్మకు కూడా ఒక్క క్షణం అది బాగానే అనిపించింది. అప్పుడు నట్టు మీద గోరు ఆనించింది.

శుక్రవారం ఆమె కళ్లారా చూసిన సబ్బు ముద్ద అక్కడ లేదు. దాన్ని ఎవరో గీకి పారేశారు. నట్టు మరల సందుల్లో తెల్లటి పొరలు మాత్రం మిగిలాయి. ఇత్తడి నట్టు అంచుల మీద పటకారు పళ్ల గుర్తులు, కొత్తవి, మెరుస్తున్నాయి. ఏలియా పెట్టెలో నట్టుకు సరిపోయే పానా ఉంది. పానా ఉన్నవాడు పటకారు పట్టడు. నట్టు చుట్టూ ఇప్పుడు ఉన్నది పసుపు పచ్చటి జిగురు. వేలికి అంటుకుంది.

"కిషన్ రావు గారూ, శుక్రవారం ఇక్కడ ఏం చూసినం?"

"సబ్బు."

"ఇప్పుడు?"

అమీన్ వంగి చూశాడు. "గదే సబ్బు. పెట్రోలు తాగి పచ్చగయ్యింది."

"సేటు గారూ, ఒక ఇత్తడి గ్లాసు తెప్పించుండ్రి. బట్టల సబ్బు ముక్క కూడ."

గ్లాసు వచ్చింది. ఏలియా పానాతో నట్టును కాస్త వదులు చేసి, కింద గ్లాసు పెట్టి రెండు వేళ్ల లోతు పెట్రోలు పట్టి, మళ్లీ బిగించింది. సబ్బు ముక్కను చిక్కుడు గింజంత గిల్లి అందులో వేసింది. నట్టు మీది జిగురును వేలితో తీసి, ఉండ చేసి, దాన్నీ వేసింది. ముగ్గురూ గ్లాసు చుట్టూ మూగారు. షెడ్డు బయట రాజక్క అంట్లు తోమడం ఆపి చూస్తోంది.

పావుగంట గడిచింది. సబ్బు ముక్క వేసింది వేసినట్టే అడుగున కూర్చుంది. పచ్చటి ఉండ మాత్రం అంచులు కరిగి, మెత్తబడి, పుల్లతో కలిపితే పాలలో వెన్నలా విడిపోయింది.

"సబ్బును పెట్రోలు ఏం చెయ్యలేదు" అంది లిదియమ్మ. "మైనాన్ని తింటది. ఇది మైనం. ఆదివారం పెడితే ఆ పూట ఆగుతది. సోమవారం ఇంజను వేడికి మెత్తబడి, పెట్రోలుకు కరిగి, కారుడు మొదలైతది. అందుకే ప్రతి సోమవారం వాసన. బండి పని తెలిసిన మనిషి చచ్చినా మైనం పెట్టడు. దొంగ మైనం పెట్టిపోతే, ఏమీ తెలియని ఏలియా ప్రతి మంగళవారం దాన్ని తుడిచి సబ్బు పెట్టుకున్నడు. మొన్న మనం చూసింది దొంగతనం కాదు, మరమ్మతు."

అమీన్ మీసం సవరించుకున్నాడు. "ఏలియా దోస్తు ఎవడన్న పెట్టిండేమో? వాడిని బయటపడేసేటందుకు?"

"అట్లయితే షెడ్డు తాళం చెవి సేటు మొల్తాడుకున్నది. దోస్తు సేటేనా?"

"ఏ! నన్నెందుకు గుంజుతరు?" అన్నాడు సేటు మొలకు చేయి అడ్డం పెట్టుకుంటూ.

"ఆదివారం, ఎనిమిదికీ పదికీ నడుమ. చర్చి గోడ నీడ. ఈ బండి తాళం లేకుండ నిలబడేది అక్కడ ఒక్కచోటే" అంది లిదియమ్మ. గెలుస్తున్న మనిషి గొంతుతో అంది. అంటూనే వేలిని అలవాటుగా ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

పెట్రోలు. దాని కింద ఇంకో వాసన.

తేనె.

బజారులో దొరికే కొవ్వొత్తి తెల్లగా ఉంటుంది, దానికి ఏ వాసనా ఉండదు. అది కూడా యుద్ధం మొదలయ్యాక దొరకడం మానేసింది. అప్పటి నుంచి చర్చి బల్ల మీద వెలిగే వత్తులు లిదియమ్మ వంటింట్లోనే తయారవుతున్నాయి. అడవి నుంచి తేనె తెచ్చేవాళ్ల దగ్గర మైనం కొని, కరగబెట్టి, గుడ్డలో వడగట్టి, వెదురు గొట్టాల్లో పోసేది ఆమె. ఆ పసుపు రంగూ ఆ వాసనా ఈ హన్మకొండలో ఇంకెక్కడా ఉండవు. కాలి మిగిలిన ముక్కలు ప్రతి శనివారం తిరిగి ఆమె దగ్గరికే వస్తాయి. ఈ మధ్య తక్కువ వస్తున్నాయి. ఎందుకని అడిగితే, "ఎలుకలు తింటున్నయక్కా" అని జవాబు.

ఆ జవాబు చెప్పింది యోసేపు. చర్చి గంట కొట్టేవాడు. ఆమె తమ్ముడు.

"ఎవని మైనమమ్మా అది?" అమీన్ అడిగాడు. ఆమె ముఖంలో ఏదో చూశాడు. పోలీసు బుద్ధి ఎంత మొద్దైనా, ముఖం చదవడం దానికి వచ్చు. "చెప్పుండ్రి. మీకు ఎరుకైంది."

"సాయంత్రం అయిదు గంటలకు ఠాణాకు వచ్చి చెప్త."

"ఇప్పుడే ఎందుకు చెప్పరు?"

"శుక్రవారం అడగకుండ చెప్పిన. ఇయ్యాల అడిగి చెప్త."

మాట తప్పించుకోవడానికి చేతులకు పని చెప్పింది. కుళాయి కట్టేసి, ఏలియా పానాతో నట్టు విప్పింది. మరల్లో ఉన్న మైనాన్ని పుల్లతో గీకి, గుడ్డతో తుడిచింది. నూలు దారానికి సబ్బు బాగా పట్టించి మర మీద బిగువుగా చుట్టి, నట్టు మళ్లీ బిగించింది. కొత్తగా సుద్ద చల్లింది. పీచు పట్టాను గుంజి ఎండలో పారేయించింది. నాలుగు తలుపులూ బార్లా తెరిపించింది. చాలాసేపు చూసినా సుద్ద తెల్లగానే ఉంది.

"ఇంత చిన్న పనా?" అన్నాడు సేటు నోరు తెరిచి.

"ఇంతే. ఏలియా మీతోని చెప్పుకునేటట్టు ఉంటే మొదటి వారమే అయిపోయేది" అంది, ఆయన వైపు చూడకుండా.

*

చర్చి వెనక గది ముందు యోసేపు సైకిలు తుడుస్తున్నాడు. పాస్టరు గారు వాడుకోమని ఇచ్చారని చెప్పిన సైకిలు. తమ్ముడి మీద పాస్టరుకు అంత దయ ఉన్నందుకు లిదియమ్మ కిందటి నెల ఆయనకు అరిసెలు కూడా పంపింది. పాస్టరు గారు ఎందుకో అర్థం కాక, అర్థమైనట్టు తిన్నారు.

తల్లి పోయేనాటికి యోసేపుకు నాలుగేళ్లు. లిదియమ్మ చంకనెత్తుకుని పెంచింది. చదువు అంటకపోతే పాస్టరును బతిమాలి గంట కొట్టే పని ఇప్పించింది.

"అక్కా! ఏంది, ఈ ఎండల అచ్చినవు?"

"మొన్న ఆదివారం ప్రసంగం ఎంతసేపైంది?"

"ఎప్పటి లెక్కనే. ముప్పావుగంట."

"ఆ ముప్పావుగంట నువ్వెక్కడున్నవు?"

"బయట. తలుపులు దగ్గరికేసి కుక్కలు రాకుంట చూస్త గద. నువ్వే పెట్టినవు ఆ పద్ధతి."

నిజమే. క్రిస్మస్ నాడు రెండు కుక్కలు నేరుగా బల్ల దాకా వచ్చాయని తనే పెద్దలతో చెప్పి ఆ ఏర్పాటు చేయించింది. లోపల నూరు మంది ప్రసంగం వింటుంటే, బయట మూసిన తలుపుల ముందు ఒకే ఒక్క మనిషి. పక్కన గోడ నీడలో తాళం లేని కారు.

లిదియమ్మ కొంగులోంచి చిన్న కాగితం పొట్లం తీసి విప్పింది. అందులో పసుపు పచ్చటి మైనం ముక్క.

"ఎలుకలు దీన్ని సేటు కారు దాక ఎట్ల మోసుకపోయినయిరా?"

యోసేపు చేతిలో గుడ్డ ఆగింది. ఒకసారి గేటు వైపు చూశాడు. తర్వాత అక్క ముఖం వైపు చూసి, గేటు ఆశ వదులుకున్నాడు.

"మెల్లగ మాట్లాడు. పాస్టరు గారు లోపలనే ఉన్నడు."

"సబ్బు ఎందుకు పెట్టలేదు?"

"సబ్బు ఏడ దొరుకుతాంది? మైనమైతే ఊకెనే ఉన్నది. వానకాలం చర్చి రేకులకు తూట్లు పడితే మైనమే పెట్టినం గద, చుక్క రాలే. నీళ్లను ఆపింది పెట్రోలును ఆపదా అనుకున్న."

"ఎవరికిస్తున్నవు?"

"మడికొండ రోడ్డు మీద ఒక లారీ ఆయన. ఆదివారం మాపటికి అస్తడు."

"సైకిలు దానితోనే కొన్నవా?"

యోసేపు సైకిలు గంట మీద వేలు పెట్టి, మోగకుండా నొక్కి పట్టుకున్నాడు.

"శుక్రవారం ఏలియాను తీసుకపోయిండ్రని నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"మీ ఇద్దరు చర్చిల ఒక్క పాత్రల ప్రభు రాత్రి భోజనం తీసుకున్నోళ్లు. వాని చిన్న బిడ్డను బాప్తిస్మానికి ఎత్తుకున్నది నువ్వు. వాడు ఠాణల తన్నులు తింటాంటె, ఆదివారం మల్ల పోయి నట్టు విప్పినవు. చెయ్యెట్ల వచ్చిందిరా?"

యోసేపు అప్పుడు తలెత్తాడు. కళ్లలో నీళ్లున్నాయి గానీ, ఆ నీళ్లు ఏలియా కోసం కాదని ఆమెకు తెలుస్తూనే ఉంది.

"నువ్వే గదక్కా ఏలియా అన్నవు. నేననలే గద. నువ్వు ఒక్క మాటంటే ఊరు ఊరంత ఇంక ఎనకకు తిరిగి చూడది. నువ్వు చెప్పినంక నన్నెవలు అనుమానిస్తరు? అప్పటి దాక భయముండె. నువ్వన్నంక భయం పోయింది."

లిదియమ్మ మైనం పొట్లాన్ని మడిచి మళ్లీ కొంగున కట్టుకుంది. దొంగతనం చేసినందుకు వచ్చే కోపానికి ఒక దారి ఉంటుంది. తన పేరునే దుప్పటిలా కప్పుకుని తన ఇంటి మనిషి దాని కింద దాక్కున్నాడు. ఆ దుప్పటి నేసి ఇచ్చింది తనే. దీనికి ఏ దారీ కనపడలేదు.

"అక్కా" అన్నాడు యోసేపు, ఆమె తిట్టలేదని ధైర్యం తెచ్చుకుని. "ఎవలకు ఎరుక? నీకు, నాకు. ఇంక చెయ్య, ఒట్టు. రేపు చాలాన్ అయితే ఏలియా ఏడాదికి బయటికి అస్తడు. రూతును మనం చూసుకుందాం. నేను పోతే నీ పరువేం కావాలె? బావ బళ్లె ఎట్ల తలెత్తుకుంటడు? అమ్మ నిన్ను..."

"అమ్మ పేరు ఎత్తకు."

ఆమె గొంతు ఎంత మెల్లగా ఉందంటే, యోసేపు రెండడుగులు వెనక్కి వేశాడు.

"గుడ్డ అక్కడ పెట్టు. అంగీ తొడుక్కో. నాలుగుంబావు అయింది. ఠాణా దాక నడిచే పోదాం. ఆ సైకిలును ముట్టకు."

"నేను రాను."

"రాకు. అమీన్‌ను ఇక్కడికే పిలుచుకొస్త. పాస్టరు గారి ముందు, గంట తాడు కాడ బేడీలు వేస్తడు. ఏది కావాలె?"

యోసేపు చాలాసేపు ఆమెను చూశాడు. చిన్నప్పుడు మందు తాగనని మొండికేసి ఇలాగే చూసేవాడు. అప్పుడు కూడా ఆమె చెంచా దించలేదు. అతను అంగీ కోసం లోపలికి వెళ్లాడు. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

*

అయిదు కావడానికి రెండు నిమిషాలుంది. ఠాణా అరుగు మీద రూతు ముగ్గురు పిల్లలతో కూర్చుని ఉంది. మధ్యాహ్నం నుంచి అక్కడే ఉన్నట్టుంది. లిదియమ్మ పక్కన యోసేపును చూసి, వాళ్లకు సాయంగా వచ్చాడనుకుని నమస్తే పెట్టింది. యోసేపు ఆ నమస్తేను తీసుకోలేకపోయాడు.

అమీన్ గడియారం చూసుకున్నాడు. "టైముకే అచ్చిండ్రు. ఏదీ, దొంగ పేరు?"

"యోసేపు. చర్చిల గంట కొట్టే మనిషి. ప్రసంగం నడిచే ముప్పావుగంటల తీసిండు. మైనం నా వంటింటిది. పెట్రోలు కొన్న లారీ ఆయన ఆదివారం సాయంత్రం మడికొండ రోడ్డు మీదికి వస్తడట. ఆయనను పట్టుకోవాలంటే ఈ సంగతి అప్పటి దాక బయటికి పొక్కనియ్యకుండ్రి."

కిషన్ రావు యోసేపును పైనుంచి కిందికి చూశాడు. మళ్లీ లిదియమ్మను చూశాడు. నెమ్మదిగా మీసం కింద నవ్వు విచ్చుకుంది.

"ఈయన మీ తమ్ముడు గద?"

"అవును."

"అంటే దొంగ మీ ఇంట్ల, మైనం మీ ఇంట్ల, మొన్న బోనులకు తోసింది మీ నోరు. అమ్మా, నేను ఇన్నేండ్ల సర్వీసుల మస్తు మందిని చూసిన..."

"నన్ను ఆ లారీ ఆయన దొరికినంక అందరి ముందు అనుండ్రి. కావాలంటె తీరిగ్గ రోజూ అనుండ్రి" అంది లిదియమ్మ. "ముందు ఆ తాళం తియ్యుండ్రి."

జవాను తాళం తీశాడు. ఏలియా బయటికి రాలేదు. ఏది నిజమో, ఏది ఇంకో నాటకమో తెలియక కటకటాల అవతలే నిలబడి చూస్తున్నాడు. అతని చూపు యోసేపు మీద పడింది. అక్కడే ఆగిపోయింది. తన బిడ్డను ఎత్తుకున్న చేతుల వైపు చూసి, ఏదో లెక్క తప్పినట్టు, మళ్లీ ముఖం వైపు చూశాడు. యోసేపు గోడకు తిరిగాడు.

"వాడా?" అన్నాడు ఏలియా. 

రూతు లేచి గుమ్మంలోకి వచ్చింది. పిల్లలు ఆమె వెనక. జవాన్లు ముగ్గురు. అమీన్. వీళ్లందరి నడుమ నుంచి లిదియమ్మ కటకటాల తలుపు దాటి లోపలికి వెళ్లి, ఏలియా ఎదురుగా నిలబడింది. మద్రాసులో చదివినప్పటి నుంచి ఇంతవరకూ ఎవరికీ చెప్పవలసిన అవసరం రాని మాట. నాలుకకు అలవాటు లేని మాట.

"ఏలియా, నిన్ను దొంగ అన్నది నేను. అడగకుండ అన్న. నీ చేతులు చూసిన గానీ నిన్ను చూడలేదు. నాది తప్పు." వెనక ఉన్నవాళ్లకు వినిపించలేదేమోనని వెనక్కి తిరిగి, అమీన్‌కూ జవాన్లకూ రూతుకూ పిల్లలకూ వినపడేటట్టు మళ్లీ గట్టిగా అంది:

"నేను తప్పు చెప్పిన."